శనివారం ఎప్పుడు అయిపోతుంది?

నవంబరు 4, మంగళవారం

ఈ రోజు వార్డు ఆఫీసులో అరిచాను. అరవలేదు, గట్టిగా మాట్లాడాను. బల్ల మీది ఫ్లాస్కు దానంతట అదే పడింది.

మా వీధి డోళ్ళ బృందానికి కార్నివాల్ ముందు సాధన చేసుకోవడానికి ప్రతి ఏడూ వార్డు అనుమతి కావాలి. వారానికి మూడు రోజులు, రాత్రి ఒంటిగంట దాకా. మంగళ, గురు, శని. మా అమ్మ చిన్నప్పటి నుంచీ అంతే. ఇప్పుడు మూల మీద ఒక అద్దాల టవరు లేచింది. దాని తరఫున నోటరీ ఎచెపారే అనే పెద్దమనిషి ఫిర్యాదు పెట్టాడు, వీళ్ళు వారమంతా వాయిస్తున్నారని. వారమంతా! డోలు చప్పుడు వినబడే వీధి అని బ్రోషరులో గొప్పగా వేసి ఫ్లాట్లు అమ్ముకున్నారు. కొన్నాక ఆ చప్పుడు మీదే ఫిర్యాదు. రేపు సముద్రం పక్కన ఇల్లు కొని ఉప్పుగాలి మీద కేసు వేస్తారు. ఈ మోంటెవీడియోలో ఇలాంటి వర్గం ఒకటి బలిసింది, దాని గురించి వేరే రాయాలి.

"మూడు రోజులు దాటినట్టు తేలితే ఈ ఏడు అనుమతి లేదమ్మా," అంది లర్రాల్దె గారు. ఆవిడే వార్డు ఆఫీసరు. ఎదుటివాళ్ళు ఎంత గట్టిగా మాట్లాడినా మాతె గొట్టం నోట్లోంచి తియ్యదు, ఆ ఆకు కషాయం పీలుస్తూనే వింటుంది.

"తేలనివ్వండి! లెక్కల్నే మాట్లాడనివ్వండి!" అన్నాను.

లెక్కలు నా దగ్గరున్నాయి. బృందానికి కార్యదర్శిని నేనే. డోలు భుజానికి ఎత్తుకున్నప్పుడు ఒకసారి, దింపినప్పుడు ఒకసారి ఫోనులో మీట నొక్కితే తేదీ, సమయం వెళ్ళి నా స్ప్రెడ్‌షీట్‌లో పడేట్టు పోయిన ఏడే ఏర్పాటు చేశాను. "మా మరదలు విప్లవం తెచ్చినా ముందు హాజరుపట్టీ తెస్తుంది," అని అప్పుడు అందరిలో నవ్వాడు బావ. ఇప్పుడు తెలిసొస్తుంది.

బావంటే మా నెలిదా అక్క మొగుడు వాల్డెమార్, బృందానికి పెద్ద. బయటికి వచ్చాక మెట్ల మీద కూలబడ్డాడు.

"కాగితం రాకపోతే డోళ్ళు అమ్మేస్తానే మిర్తా."

"ఎవడికి?"

"సముద్రం రోడ్డు మీద కొత్త హోటలువాడు అడుగుతున్నాడు. వాటిని దీపాలకి గొడుగులు చేసి వేలాడదీస్తాడట."

నవ్వుతాడేమోనని చూశాను. నవ్వలేదు.

విచారణ ఇరవై ఆరున.

నవంబరు 6, గురువారం

నా వారపత్రిక వ్యాసం పంపేశాను. శీర్షిక: "లెక్కలంటే భయం ఎవరికి?" మా పట్టిక మొత్తం ప్రజల ముందు పెడతానని, మొదటి ప్రతి నోటరీ గారికే పంపుతానని రాశాను. ఎడిటరు ఫోను చేశాడు.

"పట్టిక చూసే రాశావా?"

"మూడు రోజులంటే మూడు రోజులే. చూడ్డానికేముంది?"

"అది కాదు మిర్తా..."

ఎడిటర్లకి నమ్మకం తక్కువ. అందుకే ఎడిటర్లయ్యారు.

నవంబరు 8, శనివారం

పివట్ టేబుల్ అనేదాన్ని మొదటిసారి చేశాను. వేల వరసలున్న జాబితాని మనం అడిగినట్టు కుప్పలు పోసి చూపిస్తుందట. సమయాన్ని పట్టుకెళ్ళి వరసల్లో పడేశాను.

కుప్ప లేదు, పాడూ లేదు. ప్రతి సెకనూ విడిగా ఒక వరస! ఒకడు తొమ్మిదింటికి డోలు ఎత్తాడు, పక్కవాడు ఆ మరుసటి సెకనులో ఎత్తాడు. మామూలు మనిషి చూస్తే ఇద్దరూ కలిసి ఎత్తారంటాడు. ఈ యంత్రం మాత్రం ఇద్దరికీ సంబంధం లేదంటుంది. ఎవడి సెకను వాడిది, ఎవడి గొడవ వాడిది. నలభై ఏళ్ళుగా మన సమాజానికి నూరిపోస్తున్నది సరిగ్గా ఇదే కదా! దీన్ని తయారుచేసినవాళ్ళు ఏ రాజకీయాలవాళ్ళో నన్నడక్కండి.

"గ్రూప్" అని ఒక మీట ఉందట. ఉంటుంది మరి. విడగొట్టడమే వాళ్ళకి సహజం, కలపాలంటే మనమే మీట వెతుక్కోవాలి.

నవంబరు 9, ఆదివారం

నొక్కాను. "ఈ ఎంపికను గ్రూప్ చేయడం సాధ్యం కాదు." అంతే. కారణం చెప్పదు. కార్మిక సంఘం రిజిస్ట్రేషను కూడా ఇలాగే తిప్పి పంపేవాళ్ళు.

పొద్దుటి నుంచి సాయంత్రం దాకా అదే మాట. అన్నం తినలేదు. తిన్నాను, కానీ కోపంగా.

నవంబరు 11, మంగళవారం

దొరికింది. తేదీలుండాల్సిన నిలువు వరసలో మాటలున్నాయి. ఫోనులో చార్జింగు అయిపోయినవాళ్ళు ఇంటికి పోయి చేత్తో నింపారు. ఏం నింపారు? "సాసేజీలు అయ్యాక." "రెండో గోలు పడ్డాక." "మా ఆవిడ పిలిచినప్పుడు." అలాంటి మాట ఒక్కటున్నా యంత్రం తేదీలన్నిటినీ కలపనని మొండికేస్తుందట. ఈ ఒక్క విషయంలో దాని బాధ నాకు అర్థమైంది.

అన్నిటికంటే ఎక్కువ వరసలు బావవే. అన్నిట్లోనూ ఒకే ముక్క: "ఎప్పట్లాగే."

సాయంత్రం డోళ్ళు కాచుకునే చోటికి వెళ్ళాను. మూల మీద, సరిగ్గా నా కిటికీ కింద, చెక్కపేళ్ళ మంట వేసి చర్మాలు బిగుసుకునేదాకా కాస్తారు.

"బావా, పోయిన నెల ఇరవై ఐదున డోలు ఎన్నింటికి దింపావు?"

"రాశాగా, ఎప్పట్లాగే అని."

"ఎప్పట్లాగే అంటే టైము కాదు బావా!"

"నలభై ఏళ్ళ నుంచి అదే టైము. నీ కంప్యూటరుకి కొత్తేమో."

"పన్నెండుకా? పన్నెండున్నరకా?"

"మంట ఆరిపోయినప్పుడు."

"మంట ఎప్పుడారింది?"

"వీళ్ళు సాసేజీలు తినేసినప్పుడు." చుట్టూ ఉన్నవాళ్ళ వంక చూశాడు. "ఏరా, మా మరదలు నా మీద కేసు కడుతోంది, సాక్ష్యం చెప్పండి!"

అందరూ డోళ్ళ మీద ఒక దరువేసి సాక్ష్యం చెప్పారు. ఇలాంటి జనంతో విప్లవం వస్తుందా? వస్తుంది. ఆలస్యంగా వస్తుంది, సాసేజీలు అయ్యాక.

ఆ మాటలన్నీ తీసి, నలుగురినీ అడిగి, పన్నెండున్నర అని వేశాను.

నవంబరు 13, గురువారం

జయం! గ్రూప్ అయింది. మొదటిసారి పొరపాటున "నెలలు" అని వదిలేశాను. నవంబరంతా ఒకే ఒక్క వరసలో కూరుకుపోయింది. మొన్న అరాచకం, ఇవాళ నియంతృత్వం. తర్వాత "రోజులు" ఎంచుకున్నాను. తీరుగా, బుద్ధిగా, తేదీకొక వరస. చూస్తుంటే కళ్ళు చెమర్చాయి. సెకన్లన్నీ చేతులు పట్టుకుని నిలబడ్డాయి.

మాట తప్పలేదు. ఆ క్షణాన్నే నోటరీకి పంపాను, వార్డుకి పంపాను, పత్రికకి పంపాను. కింద ఒక వాక్యం: "నిజానికి పరదాలు అక్కర్లేదు."

నవంబరు 14, శుక్రవారం

పట్టిక బాగానే ఉంది.

నవంబరు 15, శనివారం

పట్టిక బాగానే ఉంది. కొంచెం పొడుగ్గా ఉంది, అంతే.

నవంబరు 16, ఆదివారం

నోటరీ ఎచెపారే నుంచి ఉత్తరం. మొత్తం రెండు వాక్యాలు. "గౌరవనీయులైన మేడమ్, మీ అమూల్యమైన సహకారానికి కృతజ్ఞతలు. విచారణలో నేను వేరే సాక్ష్యం ప్రవేశపెట్టాల్సిన అవసరం ఇక లేదు."

సరే, రాస్తాను. రాయకపోతే మటుకు పోతుందా!

మూడు రోజులు ఆరయ్యాయి. మంగళవారం తొమ్మిదింటికి ఎత్తిన డోలు పన్నెండున్నరకి దింపితే, యంత్రం లెక్కలో ఎత్తింది మంగళవారం, దింపింది బుధవారం. గురువారం వాయిస్తే శుక్రవారం కూడా. శనివారం వాయిస్తే ఆదివారం కూడా. ఒక్క సోమవారం మాత్రం ఖాళీ. ఆరు రోజులు పనిచేసి ఒక రోజు విశ్రాంతి తీసుకున్న దేవుడికీ మాకూ తేడా లేదు.

కొరివితో తల గోక్కున్నాను. ఆ కొరివికి పత్రికలో ప్రచారం కూడా చేశాను.

నవంబరు 17, సోమవారం

పన్నెండు దాటిన వరసలన్నీ ఎంచుకుని డిలీట్ మీద వేలు పెట్టాను. నొక్కలేదు. నేను అలాంటి మనిషిని కాను.

నొక్కాను. వెంటనే వెనక్కి తెచ్చాను. కాబట్టి నొక్కనట్టే.

నవంబరు 18, మంగళవారం

వాన. సాధన లేదు. వాన పడితే పిండి చపాతీలు నూనెలో వేయించుకు తినడం ఈ దేశపు రాజ్యాంగం. అక్క వేయిస్తోంది, బావ తింటున్నాడు, నేను చదివి వినిపిస్తున్నాను. నిన్న మొదలుపెట్టి ఎనిమిది పేజీలు రాశాను. పేరు "అర్ధరాత్రి మీద అభియోగపత్రం". అర్ధరాత్రిని చూసినవాడెవడు? సూర్యుడు కనబడతాడు, ఆకలి కనబడుతుంది. అర్ధరాత్రి మాత్రం గడియారం ఉన్నవాడు చెబితే తప్ప తెలియదు. మొదట గడియారం ఎవడికుంది? ఫ్యాక్టరీ యజమానికి!

"ఆపవే తల్లీ," అంది అక్క. "మూడో పేజీకే నూనె మాడింది."

"అంటే మరదలా, ఇప్పుడు పోరాటం నోటరీ మీదా, గడియారం మీదా?" అన్నాడు బావ.

"ఇద్దరూ ఒకటే."

"నోటరీ అయితే ఒప్పుకుంటాడేమో. గడియారం కష్టం." ఇంకోటి నోట్లో పెట్టుకుని కాసేపు నమిలాడు. "పోనీ పన్నెండుకే ఆపేద్దామా?"

ఆ మాట ఆయన నోట వస్తుందని నేను అనుకోలేదు. ఆ డోలు భుజానికి లేకపోతే ఈయన నడక కూడా మారిపోతుంది. అలాంటి మనిషి బేరానికి దిగాడు. హోటలువాడు మళ్ళీ ఫోను చేశాడట. బల్లకొక డోలు చొప్పున లెక్క వేసుకున్నాడట.

"ఆపితే ఒప్పుకున్నట్టే బావా. ఇన్నాళ్ళూ ఆరు రోజులు వాయించామని మన సంతకంతో చెప్పినట్టే."

"వాయించలేదుగా!" అక్క గరిటె పట్టుకునే ఇటు తిరిగింది. "శనివారం వాయిస్తే అది శనివారం. ఇంటికొచ్చి, కాళ్ళు కడుక్కుని, పడుకుని, లేస్తే అప్పుడు ఆదివారం. పడుకోకుండా ఆదివారం ఎట్లా వస్తుంది? బుద్ధుండక్కర్లా ఆ కంప్యూటరుకి?"

"దానికి నిద్ర లేదు అక్కా."

"అయితే చెప్పు దానికి. పొద్దున బేకరీ తెరిచేదాకా నిన్నటి రోజే అని."

నవంబరు 20, గురువారం

చెప్పాను.

తేదీల పక్కన ఇంకో నిలువు వరస పెట్టాను. ప్రతి సమయం లోంచి పావు రోజు తీసెయ్యమన్నాను, అంటే ఆరు గంటలు. యంత్రం ఆదివారంలో వేసిన రాత్రి పన్నెండున్నర కాస్తా శనివారం సాయంత్రం ఆరున్నరలోకి వచ్చి కూర్చుంది. రాత్రి తొమ్మిది మధ్యాహ్నం మూడయింది, కానీ రోజు మారలేదు. ఇప్పుడు ఈ కొత్త వరసని రోజులుగా గ్రూప్ చేస్తే రోజు పొద్దున్నే ఆరింటికి మొదలవుతుంది, బేకరీతో పాటు.

పట్టిక చూశాను. ఇంకా ఆరే.

నేను వాడిన మాటలు ఇక్కడ రాయను. గంట తర్వాత తెలిసింది, అడుగున ఎన్ని మార్చినా "రిఫ్రెష్" నొక్కేదాకా పివట్ టేబుల్ పాత లెక్కే చూపిస్తుందట. ప్రభుత్వాలు మారినా ఆఫీసు గోడ మీద పాత ఫోటోలే వేలాడినట్టు. నొక్కాను.

మంగళ. గురు. శని.

మూడు! మూడంటే మూడు! కిటికీ తీసి కింద కాస్తున్నవాళ్ళకి అరిచి చెప్పాను. వాళ్ళు గోలు పడిందనుకున్నారు.

నవంబరు 26, బుధవారం

విచారణ.

నోటరీ ఎచెపారే బూడిదరంగు సూటులో వచ్చాడు, చేతిలో నా మొదటి పట్టిక. దానికి అట్ట కూడా వేయించాడు. నా పట్టికకి నేను అట్ట వేయించలేదు.

"ఇది మేడమ్ గారు స్వయంగా పంపింది. ఇదిగో, నిజానికి పరదాలు అక్కర్లేదు అని కూడా వారే రాశారు. వారానికి ఆరు రోజులు. ఇప్పుడు రెండో పట్టిక తెచ్చి మూడంటున్నారు. మిగతా మూడు రోజులు ఏమయ్యాయి? ప్రతి రోజులోంచి పావు వంతు కోసేశారు! ఇది దొంగలెక్క కాకపోతే ఏమిటి?"

"కొయ్యలేదు, జరిపాను," అన్నాను.

"దేశం మొత్తం రోజుని రాత్రి పన్నెండుకి మారుస్తుంటే మీరెవరండీ జరపడానికి?"

ఆయన ఈ మాటే అనాలని ఎదురుచూస్తున్నాను. అభియోగపత్రం తీసి చదవడం మొదలుపెట్టాను. రెండో పేజీ సగంలో లర్రాల్దె గారు చెయ్యెత్తింది.

"అమ్మా, మీ గడియారాల చరిత్ర తర్వాత చదువుతాను. పావు రోజే ఎందుకు జరపాలో ఒక్కటి చెప్పండి. మీకు అనుకూలంగా ఉందనా? ఈ వీధి నిజంగా అలాగే బతుకుతోందా?"

ఆరు పేజీలు చేతిలో మిగిలిపోయాయి. వెనక బావ గొంతు సవరించుకున్నాడు, ఇక అయిపోయిందన్నట్టు. హోటలు దీపాలు కళ్ళ ముందు వెలిగాయి. నా నోటికి ఏదొస్తే అది అడిగాను.

"నోటరీ గారూ, పోయిన నెల మీ అమ్మాయి పదిహేనో పుట్టినరోజు చేశారు కదా, టవరు కింద హాల్లో? వీధంతా విన్నాం."

"అనుమతి తీసుకునే చేశాను!"

"తప్పనలేదు. ఏ రోజు చేశారు?"

"శనివారం."

"మీరు అమ్మాయితో వాల్ట్జ్ డాన్సు ఎప్పుడు వేశారు?"

"రాత్రి ఒంటిగంటన్నరకి. అందరిళ్ళల్లో ఎప్పుడేస్తారో అప్పుడే."

"కేకు?"

"నాలుగింటికి."

"అంటే ఆదివారం కోశారు."

"ఆదివారమేమిటండీ!" ఆయన లేచి నిలబడ్డాడు. "శనివారం! మా అమ్మాయి పుట్టినరోజు శనివారం చేశాను! పిలుపుల మీద శనివారం అని వేశాం, హాలు శనివారానికి తీసుకున్నాం, ఒక్క రోజుకే డబ్బు కట్టాను! నాలుగింటికి కేకు కోస్తే అది ఆదివారం పుట్టినరోజు అయిపోతుందా? ఎక్కడ పుట్టారండీ మీరు?"

చివరి ముక్క అన్నాక తను ఒప్పుకున్నదేమిటో ఆయనకే వినబడింది. మెల్లగా కూర్చున్నాడు.

లర్రాల్దె గారు మాతె గొట్టం నోట్లోంచి తీసింది. "మా పెళ్ళి శుక్రవారం. విందు అయ్యేసరికి చెత్తబండి వచ్చింది. పాతికేళ్ళయింది, శుక్రవారమనే చెప్పుకుంటున్నాం," అని కలం అందుకుంది. "మూడు రోజులు. అనుమతి ఇస్తున్నాను. కానీ వచ్చే ఏడు మళ్ళీ ఈ గొడవ రాకుండా రోజంటే ఏమిటో కాగితంలో రాసెయ్యాలి. అమ్మా, మీరు రచయిత్రి కదా. ఒక్క వాక్యం చెప్పండి. ఒక్కటే."

చెప్పాను. గడియారం మీద కోపం ఇంకా చల్లారలేదు కాబట్టి "రాత్రి ఒంటిగంట దాకా" అనే పాత మాట కూడా కొట్టేయించాను. సూత్రమంటే సూత్రం.

బావ మెట్ల దగ్గర నా తల మీద చెయ్యి వేసి, ఒకసారి ఊపి, వెళ్ళిపోయాడు. ఆయన నడక వెనక నుంచి చూశాను. భుజానికి ఏమీ లేకపోయినా డోలు ఉన్నట్టే నడుస్తున్నాడు.

కేసు గెలిపించింది అభియోగపత్రమే. మొదటి రెండు పేజీలు వాళ్ళని మెత్తబరిచాయి.

నవంబరు 28, శుక్రవారం

కాగితం వచ్చింది. బావ మంట వేసే మూల మీద నిలబడి పైకి చదివాడు. "వారానికి మూడు రోజులు, ప్రతి రోజూ ఆ రోజు ముగిసేదాకా వాయించుకోవచ్చును. రోజు అనగా ఉదయం ఆరు గంటల నుండి మరునాటి ఉదయం ఆరు గంటల వరకు."

ఇంకోసారి చదివాడు. ఈసారి నెమ్మదిగా.

"మరదలా. ఇది నువ్వే రాశావా?"

"నేనే."

"అంటే రేపు రాత్రి... పొద్దున ఆరింటి దాకా?"

"అది సిద్ధాంతం బావా. ఆచరణ వేరు."

"కాగితంలో సిద్ధాంతమని లేదే," అన్నాడు. వెనక అందరూ సాక్ష్యం చెప్పారు, శుక్రవారం కాబట్టి చప్పట్లతో.

నవంబరు 29, శనివారం

మంటకి చెక్కపేళ్ళు బండి మీద వచ్చాయి. మామూలుగా చంకలో పెట్టుకొస్తారు.

శనివారం, ఇంకా

గోడలు వాయిస్తున్నాయి. మంచం వాయిస్తోంది. అక్క కింద నాట్యం చేస్తోంది, ఆవిడకి అరవై. ప్రజల సంస్కృతి ప్రజల వీధిలో సగర్వంగా నిలబడిన రాత్రి ఇది. దిండు కింద తల పెట్టుకుని ఈ మాట రాస్తున్నాను.

శనివారం, ఇంకా

నా వయసు యాభై రెండు. పొద్దున ఎనిమిదింటికి వ్యాసం ఇవ్వాలి. వ్యాసం విషయం: శ్రామికుడి నిద్ర హక్కు.

శనివారం, ఇంకా

ఫోను తీశాను. వార్డువాళ్ళ ఫిర్యాదుల పేజీ తెరిచాను. ఊరికే చూద్దామని. పౌరులకి అక్కడ ఎలాంటి సౌకర్యాలున్నాయో రచయితగా తెలుసుకోవాలి కదా. పేరు అడిగింది, పెట్టాను. వీధి అడిగింది, పెట్టాను. శబ్దం ఏ రకమని అడిగింది, "డోళ్ళు" అని ఉంది, ఎంచుకున్నాను. ఆఖరున తేదీ అడిగింది.

ఆదివారం అని పెడితే నేనూ నోటరీ ఒకటే. శనివారం అని పెడితే అనుమతి ఉంది, ఫిర్యాదుకి తావే లేదు.

ఆ గడి ఖాళీగానే వదిలేశాను. తర్వాత ఫోను దిండు కింద పెట్టి, చెప్పులు వేసుకున్నాను. ఎలాగూ ఇంకా రోజు అయిపోలేదు. కిందికి వెళ్తున్నాను.